ఫ్లెక్సీ మీద పోసిన పత్తి

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో పత్తి సీజన్లో, దసరా వెళ్ళిన సోమవారం, నన్ను గుంటూరు కార్యాలయం నుంచి పర్చూరు వైపు ఉన్న, గింజ నుంచి దూది వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లుకు డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను పత్తి కొనుగోలు సంస్థలో సీనియర్ గ్రేడరుని. మా దాంట్లో గ్రేడరంటే జూనియర్ అసిస్టెంటుకు పైన, సెంటర్ ఆఫీసరుకు కింద. రైతు దృష్టిలో మాత్రం ఇద్దరికీ పైనే, ఎందుకంటే తన పత్తి ఏ రకమో, ఏ ధరకు పోతుందో తేల్చేది ఆ మనిషే. ఇంత సున్నితమైన పనికి తగినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే కావడంతో నన్ను ఎంపిక చేశారు. అసలు సంగతేమిటంటే, మిగిలిన ఇద్దరు గ్రేడర్లలో ఒకాయన కంటి ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో ఇంట్లో ఉన్నాడు, రెండో ఆయన సెలవు పెట్టి తిరుపతిలో ఉన్నాడు.

గ్రేడరు పని చూడ్డానికి తేలిక. బండి రాగానే నాలుగైదు చోట్ల మోచేతి దాకా చెయ్యి దూర్చి గింజపత్తి బయటికి తీస్తాం. తేమ మీటరు గుచ్చి ఎంత చెమ్మ ఉందో చూస్తాం. చిటికెడు దూదిని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి లాగి, పోగులు వరసగా పడేటట్టు సర్ది, నల్లగుడ్డ మీద పరిచి పొడవు చూస్తాం. నేను అలా లాగి చూసి ఆ పత్తి ఏ ఊరి చేలో పండిందో కూడా చెప్పేసేవాణ్ణి. కొత్తగా చేరిన ఉద్యోగులు నోరు వెళ్ళబెట్టేవారు. గేటు బయట ట్రాక్టరు డ్రైవరుతో టీ తాగి ముందే ఊరి పేరు కనుక్కునేవాణ్ణని వాళ్ళకు తెలియదు.

ఈసారి పని కొనుగోలు కాదు. పసిపిల్లల బట్టలకు నూలు వడికే ఒక తమిళనాడు స్పిన్నింగ్ మిల్లు వాళ్ళు, పరాయి పోగు లేని దూది ఇవ్వగలిగితే ఆ సీజనంతా ఇక్కడే కొంటామన్నారు. పత్తిలో చెత్త అంటే ఎండాకు, కాయ తొక్క. దాన్ని యంత్రం దులుపుతుంది. పరాయి పోగు అలా కాదు. తలవెంట్రుక, గోనె పీచు, అన్నిటికన్నా చెడ్డది ప్లాస్టిక్ దారం. అది దూదితో పాటే పేనుకుపోయి నూలులో దాక్కుంటుంది. బట్ట నేసి అద్దకం వేసేదాకా కనబడదు, వేశాక మాత్రం రంగు పట్టక నీలం గుడ్డ మీద తెల్ల చారై నిలబడుతుంది. అప్పటికి దాన్ని ఎవరూ తీయలేరు. అందుకని చేలోనే జాగ్రత్త పడాలి. ఆ జాగ్రత్తలు నేర్పి, తయారైన లాటును, అంటే ఒకే రకం పత్తితో కట్టిన బేళ్ళన్నిటినీ, పరీక్షించి పంపడం నా బాధ్యత.

మిల్లు యజమాని కోటేశ్వరరావు గారు మంచి మనిషే గాని, ఆయన గొంతు జిన్నింగ్ యంత్రాల హోరులో పెరిగింది. పక్కనే ఉన్నా పక్క ఊళ్ళో ఉన్నట్టు మాట్లాడతాడు. పత్తి తీసేది నాగూర్‌బీ ముఠా. ముఠా అంటే గుత్తకు పని ఒప్పుకుని కలిసి చేసే కూలీల జట్టు. అందులో తురకల ఆడవాళ్ళూ ఉన్నారు, హిందువుల ఆడవాళ్ళూ ఉన్నారు. అందరి తరఫునా బేరం మాట్లాడేది నాగూర్‌బీ. నలభై అయిదు దాటిన మనిషి. వానల్లో పని లేనప్పుడు ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఎవరినైనా అండీ అనే పిలుస్తుంది గాని, ఆ అండీలో గౌరవం ఎంతో ఎగతాళి ఎంతో విడదీసే మీటరు మా సంస్థ దగ్గర లేదు.

పని మొదలుపెట్టే ముందు మిల్లు ఆవరణలో సభ పెట్టాం. 'పత్తికి ప్లాస్టిక్ వద్దు' అని పెద్ద ఫ్లెక్సీ కట్టాం. నినాదం నాది, ఖర్చు కోటేశ్వరరావు గారిది. అందులో నా ఫొటో నిలువెత్తున వేశారు. నేను ముప్పావుగంట మాట్లాడాను. పత్తిని వట్టి నేల మీద పోయొద్దన్నాను, ఎండకు చివికిన ప్లాస్టిక్ పరదాల మీద పోయొద్దన్నాను, యూరియా సంచుల్లో తొక్కొద్దన్నాను. యూట్యూబ్ చానల్ విలేకరి ఒకాయన మైకు పట్టుకుని వచ్చి నా ప్రసంగమంతా తీశాడు. అది రాష్ట్రమంతా పాకింది. పాకిందని నేనే నలుగురికీ చెప్పాను. చూసినవాళ్ళలో సగం మంది మా చుట్టాలే, మిగిలిన సగం మందికి మా బావమరిది పంపాడు.

మొదటి తీత అయింది, జిన్నింగ్ అయింది, బేళ్ళు లారీ ఎక్కాయి. రెండు వారాలకు లాటు తిరస్కరించామని కబురొచ్చింది. స్పిన్నింగ్ మిల్లులో బేలు విప్పి దూదిని బల్లల మీద పరిచి ఆడవాళ్ళు చేత్తో ఏరుతారు. వాళ్ళకు దొరికిన పరాయి పోగులన్నీ ఒక అట్టకు అంటించి, చూసుకోండని కొరియర్లో పంపారు. చాక్లెట్ కాగితం ముక్క, గుట్కా పొట్లం పీలిక, వెంట్రుకలు, రంగు దారాలు, తెల్ల దారాలు. తెల్లవే ఎక్కువ. రెండో తీతలో ఇంకొక్క అవకాశం ఇస్తామని, అదీ పోతే వేరే జిల్లా చూసుకుంటామని ఫోన్లో చెప్పారు.

కోటేశ్వరరావు గారు ఆ అట్ట నా ముందు పడేశాడు. ముఠాను మార్చేస్తున్నాననీ, కర్నూలు వైపు మేస్త్రీతో మాట్లాడాననీ, వచ్చే వారం లారీలో మనుషులు దిగుతారనీ చెప్పాడు. ఇది పత్తితో పోయే మాట కాదు. ఆ ప్రాంతంలో పత్తి తీసిన ముఠాకే మిరపకోత కూడా ఇస్తారు. పత్తి చేజారితే మిరప చేజారుతుంది, మిరప చేజారితే ఆ ఆడవాళ్ళంతా ఇళ్ళకు తాళాలేసి ఎక్కడికో వలస పోవలసిందే.

కబురందుకుని నాగూర్‌బీ మిల్లుకు వచ్చింది.

"ఏమ్మా నాగూర్‌బీ, మీ ఆడోళ్ళ చీరలన్నీ నా దూదిలోనే ఉన్నాయంట," అన్నాడాయన.

"మా చీరలు మా ఒంటి మీదే ఉన్నాయండీ. ఏదీ, ఆ అట్టిటివ్వండి." వెలుగులో పెట్టి చూసింది. "ఈ ఎర్రదీ పచ్చదీ మావే, కాదన్ను. ఈ తెల్లవి మావి కాదు. తెల్లచీర కట్టుకుని మట్టిలోకి ఎవరొస్తారండీ?"

"మరి ఆకాశం నించి ఊడిపడ్డాయా?"

"అది చెప్పాల్సింది గ్రేడరు గారు. ముప్పావుగంట చెప్పారుగా మొన్న."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను భూతద్దం తీసి, ఎంతో అనుభవం ఉన్నవాడిలా చాలాసేపు చూశాను. తెల్ల దారాల మధ్య గోరంత ముక్క ఒకటి ఉంది. ఒక పక్క తెలుపు, రెండో పక్క నల్ల గీత. అదేమిటో నాకు అంతు పట్టలేదు. క్షేత్ర పరిశీలన చెయ్యనిదే నివేదిక రాయకూడదని నిబంధన ఉందన్నాను. అలాంటి నిబంధన ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున చేలోకి వెళ్ళాను. రెండో తీత మొదలవడానికి ఇంకా నాలుగు రోజులుంది గాని, రాలిన పత్తి ఏరడానికి ముఠా వచ్చింది. ఆడవాళ్ళు నడుముకు గుడ్డ కట్టి, దాన్ని మడిచి ఒడిలా చేసుకుని, కాయ విచ్చిన చోటల్లా పత్తి లాగి అందులో వేస్తారు. ఆ ఒడి అంటే ఎప్పుడూ పాత నూలుచీరే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వేరే గుడ్డ చూసి ఎరగను. ఇప్పుడు వరసంతా చూసుకుంటూ పోతే ఒక్క నూలు ఒడి కనబడలేదు. అన్నీ మెరిసే పాలిస్టర్లే.

"నూలుచీర ఒకటైనా దొరకదా మీ ఊళ్ళో?" అని అడిగాను.

"ఎవరు కడుతున్నారండీ? గంజి పెట్టాలి, ఆరెయ్యాలి, ఇస్త్రీ చెయ్యాలి. ఇదైతే రాత్రి ఉతికి దండెం మీద వేస్తే తెల్లారి కట్టుకుని పన్లోకొస్తాం. ఫోన్లో నొక్కితే ఇంటికే తెచ్చిస్తున్నాడు, ఒకటి కొంటే ఇంకోటి ఊరికే. పాతయ్యేమో స్టీలుసామాన్లోడు పట్టుకుపోయాడు, గిన్నెలిచ్చి." కాస్త ఆగి, "మీ ప్యాంటు నూలుదేనా అండీ?" అంది.

పక్క వరసలో ఇద్దరు పత్తి ఏరడం ఆపారు. పత్తి మనిషిని, నూలు తప్ప ఒంటి మీద వేసుకోనని గంభీరంగా చెప్పాను. సాయంత్రం బసకు వెళ్ళి ప్యాంటు లోపలి చీటీ చూసుకుంటే అందులో నూలు కన్నా పాలిస్టరే ఎక్కువ. ఈ మైదానం నిండా పత్తి పండుతుంది. తీసే మనిషికీ, కొలిచే మనిషికీ ఒంటి మీద అది లేదు. అయితే ఆవిడ చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా నేను కాదనగలిగింది లేదు. పొద్దస్తమానం పనిచేసి వచ్చిన మనిషిని గంజి పెట్టుకోమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఇంట్లో నా చొక్కాకు నేను గంజి పెట్టుకున్న పాపాన పోలేదు.

గట్టు మీద, ఏరిన పత్తి కుప్పగా పోసి ఉంది. అంచు నేలకు ఆనకుండా కింద మందపాటి పట్టా పరిచారు. బాగా పరిచారని మెచ్చుకోబోయి వంగి చూస్తే, పట్టా మీద 'వద్దు' అన్న అక్షరాలు కనబడ్డాయి. దూది పక్కకు నెడితే ఆ మూలన నేను కనబడ్డాను.

మా ఫ్లెక్సీ. నిలువెత్తు ఫొటో అని ఇందాక అన్నాను గదా, నిలువెత్తు కోటేశ్వరరావు గారిది. నాది కింద మూలన, పోస్టుకార్డంత. అందులోనూ కుడి చెవి దగ్గర కోత పడింది.

"మీటింగయ్యాక ఓనరు గార్నడిగి తెచ్చుకున్నామండీ," అంది నాగూర్‌బీ. "మూడు చేలకి మూడు ముక్కలు కోశాం. మిమ్మల్ని కొయ్యకుండా జాగర్తగానే కోశాం గాని, కొడవలి గదా, చెవి కాడ కాస్త పోయింది."

నేను నవ్వలేదు. ముక్క అంచు గోటితో గీరాను. ఫ్లెక్సీ అంటే ఉత్త ప్లాస్టిక్ రేకు కాదు. లోపల తెల్ల దారాల వల ఒకటి ఉంటుంది, దానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత. కోసిన చోట పూత విడిపోయి వల దారాలు బయటికి వస్తాయి. ఎండకు పెళుసెక్కితే, ఈడ్చినప్పుడల్లా కొన్ని రాలతాయి. నా గోటికి మూడు నాలుగు తెల్ల దారాలు వచ్చాయి. అట్ట మీద ఉన్నవి ఇవే. ఆ నల్ల గీత ఉన్న ముక్క కూడా ఇందులోదే. అది నా మీసమని తర్వాత చాలామందికి చెప్పి నవ్వించాను. మీసం కాదు, ఏదో అక్షరం తలకట్టు అయివుంటుంది.

విషయం చెప్పేసరికి నాగూర్‌బీ ముఖం మారిపోయింది. ఆ పట్టా తెచ్చిందీ, కోయించిందీ తనే.

"మట్టి మీద పోయొద్దన్నారు. చివికిన పరదా వద్దన్నారు. కొత్తది, మందంగా ఉంది, మీ బొమ్మే ఉంది గదాని దీని మీద పోశాం. ఇదీ వద్దంటే ఇక గాల్లో పొయ్యమంటారా అండీ?"

ఆవిడ నేను చెప్పిన ప్రతి మాటా పాటించింది. నేను చెప్పనిది ఒక్కటే, ఏది వద్దో చెప్పాను గాని దేని మీద పోయాలో చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు గనక.

"కాగితంలో ఏం రాస్తారు?" అని అడిగింది. "మా మీద రాస్తే మిరపక్కూడా పిలవరు."

ఉన్నదున్నట్టే రాస్తానని ఆ నిమిషంలోనే చెప్పేశాను. చెప్పడం ఆ నిమిషంలోనే. రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ముఠా కట్టిన చీరల దారాలు దొరికాయని రాస్తే అబద్ధం కాదు, అందరూ నమ్ముతారు, పై అధికారులు సంతకం పెడతారు. ప్లాస్టిక్ వద్దన్న ప్రచారం వల్లే ప్లాస్టిక్ చేరిందని రాస్తే గుంటూరు కార్యాలయంలో నా పదవీ విరమణ సభ దాకా నవ్వుకుంటారు. చివరికి అదే రాశాను. నవ్వుకున్నారు కూడా.

సాయంత్రం నాగూర్‌బీని వెంటబెట్టుకుని కోటేశ్వరరావు గారి గదికి వెళ్ళాను. విని ఆయన కుర్చీలోంచి లేచాడు.

"అంటే నా డబ్బుతో నా పత్తిని నేనే చెడగొట్టుకున్నానా?"

"డబ్బు మీది, ఫొటో నాదండీ. చెరి సగం వేసుకుందాం," అన్నాను.

"కోసింది వీళ్ళు గదయ్యా."

"ఇచ్చింది మీరు గదండీ," అంది నాగూర్‌బీ.

లారీ మేస్త్రీకి మాటిచ్చేశానన్నాడు. ఆ మాట నేను పట్టుకున్నాను. కర్నూలు నుంచి వచ్చేవాళ్ళు పత్తి దేని మీద పోస్తారని అడిగాను. ఇక్కడ దొరికేవి పరదాలు, యూరియా సంచులు, ఎవరెవరివో పుట్టినరోజు ఫ్లెక్సీలు. మనుషుల్ని లారీలో తేవచ్చు, నేలను తేలేం గదా అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల దూది అదిమే ప్రెస్సు దగ్గర కూలీలు బేలు కడుతున్నారు. బేలును ప్లాస్టిక్‌లో కట్టకూడదు, నూలుగుడ్డే చుట్టాలి. అది మా నిబంధన, నిజంగా ఉన్న నిబంధన. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చిందని చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది గాని, వచ్చింది ఆయనకు.

"గోడౌన్లో బేలు గుడ్డ తానులు పడున్నాయి," అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నాగూర్‌బీ వెళ్ళి ఒక తాను విప్పించి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. ముతకగా ఉంది గాని గట్టిదే అంది. ఒడులూ, కింద పరుచుకోవడానికి పెద్ద దుప్పట్లూ తనే కుట్టిస్తానంది. కోటేశ్వరరావు గారు షరతు పెట్టాడు. రెండో లాటు కూడా తిరిగొస్తే మారు మాట లేకుండా కర్నూలు లారీ దిగుతుంది. ఆవిడ సరేనని, ఉతుక్కోవడానికి సబ్బులు మిల్లే ఇవ్వాలంది. ఆయన ఇది కూడానా అన్నట్టు నా వైపు చూశాడు. నేను తేమ మీటరు తుడుచుకుంటున్నాను.

మొదటి రెండు రోజులూ ముఠా అంతా నన్నే తిట్టింది. నూలు దుప్పటి పొద్దున మంచుకు తడిసి బరువెక్కేది. పల్లేరుకాయలు గుచ్చుకుని పీకినా వచ్చేవి కావు. తడి దుప్పటి మీద పోస్తే పత్తికి చెమ్మ దిగుతుందని నేను ఒప్పుకోలేదు. మంచు ఆరాకే పని మొదలుపెట్టాలన్నాను. రైతులు గొణిగారు. నాగూర్‌బీ సాయంత్రం పొద్దు సాగదీసి ఆ లోటు పూడ్చింది. పొట్లాలు నమిలే అలవాటున్న వాళ్ళను పొట్లం గట్టవతలే వదిలి రమ్మంది. ప్లాస్టిక్ కప్పుల్లో టీ తెచ్చిన హోటలు మనిషిని వెనక్కి పంపి స్టీలుగ్లాసులు తెప్పించింది. "పోయినసారి గ్రేడరు గారు చెప్పారు, మనం విన్నాం. ఈసారి మనమే చూసుకుందాం," అనడం నా చెవిన పడింది.

రెండో లాటు వెళ్ళింది. కబురొచ్చేదాకా నేను నిబ్బరంగా ఉన్నాను. నిబ్బరం కోసం రోజూ కోటేశ్వరరావు గారి ఫోను పక్కనే కూర్చున్నాను. ఒకరోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఆయన విన్నాడు, సరే సరే అన్నాడు, పెట్టేశాడు. తలవెంట్రుకలు కొన్ని వచ్చాయట, తలగుడ్డలు బిగించుకోమన్నారట. ప్లాస్టిక్ దారం వెతికినా దొరకలేదట. లాటు తీసుకున్నారు, సీజనంతా తీసుకుంటామన్నారు. ఆ వెంటనే ఆయన తన అసలు గొంతుతో కర్నూలు మేస్త్రీకి ఫోన్ చేసి లారీ వద్దన్నాడు. ఆ మాట ఫోన్ లేకపోయినా కర్నూలుకు వినబడి ఉంటుంది.

గేటు దగ్గర నిలబడ్డ నాగూర్‌బీకి నేనే వెళ్ళి చెప్పాను. సంతోషమా అని అడిగితే, "మిరపక్కూడా మేమేగా?" అంది. ఆ మాట కోటేశ్వరరావు గారి చేతే అనిపించి గాని కదల్లేదు. అనిపించాక, మిరపకాయలు ఆరబోయడానికి ఇంకొన్ని దుప్పట్లు కావాలండీ అంది. ఆ ఏడాది ఆయన కళ్ళంలో కాయలు పట్టాల మీద కాక నూలుగుడ్డల మీద ఆరాయి. పక్క రైతులు ఇద్దరు వచ్చి ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగి వెళ్ళారు. ఊరంతా మారిపోయిందని చెప్పను. ఇద్దరే అడిగారు, వాళ్ళలో ఒకాయనే కొన్నాడు.

మా తనిఖీ పత్రంలో మొదటి గడి 'పత్తి తీసినవారు'. ఆ సీజన్ తర్వాత, ఉద్యోగం చేసిన మిగతా రోజుల్లో ఏ కేంద్రానికి వెళ్ళినా నేను ఆ గడి ఆఖరున నింపాను. ముందు అడిగింది పత్తి దేని మీద పోశారని. ఎవరు తీశారని మొదట అడిగితే ముఠా మారుతుంది, దేని మీద పోశారని అడిగితే కింద పరిచింది మారుతుంది. దూది బాగుపడేది రెండో దానివల్లే.